గుఱ్ఱము ప్రక్క నిలుచుట

సికింద్రాబాదునుండి మేడ్చల్ వైపు పోవు లోకల్ రైలు అమ్ముగూడ దాటిన పిమ్మట కావల్రీ బ్యారక్స్ అను చిన్న స్టేషనులో కొంచెము నిలిచి, తరువాత అల్వాల్ చేరి, అటుపై బొల్లారం బజారు, బొల్లారంల మీదుగా ఉత్తరముగా సాగిపోవును. కావల్రీ బ్యారక్స్ స్టేషను పలకమీది ఆ పేరును దినదినము చూచుచు కొలువులకు పోవు జనులలో, ఈ నేలపై ఒకనాడు గుఱ్ఱపు దళములు మెలగినవనియు, ఆ కాలమునకు మిగిలిన గుర్తులలో ఆ పేరొకటియనియు తలచువారు మిక్కిలి అరుదు. అల్వాలునకు ఇరుగుపొరుగులైన బొల్లారము, తిరుమలగిరి పందొమ్మిదవ శతాబ్దమున పేరుపడిన సైనిక శిబిరములు. అచ్చట తెల్లవారుట యనగా లాయములలో దాణా తొట్ల చప్పుడును, సకిలింపులును, గుఱ్ఱముల నూడిగము చేయు సాయీసుల కేకలునై యుండెడిది.

నిజాము ప్రభువు సేవకై 1826లో ఏర్పడిన అశ్వదళములు హైదరాబాదు కాంటింజెంటు అను సేనలో భాగమై, బొల్లారమును స్థావరముగా జేసికొని చిరకాలము వర్ధిల్లినవి. 1903లో ఆ సేన భారతసైన్యమునందు విలీనమైనపుడు వానిలో రెండు దళములు ఇరువదియవ డక్కన్ హార్స్ అనియు, ఇరువది తొమ్మిదవ లాన్సర్స్ అనియు పేళ్లు దాల్చినవి. 1916 జులై 14వ తేదీన ఫ్రాన్సు దేశపు సోమ్ యుద్ధమునందు, హైవుడ్ అను వనము కడ, మరతుపాకులు రాజ్యమేలుచున్న ఆ కాలమున గూడ బల్లెములు చేతబూని గుఱ్ఱములపై శత్రువు మీదికి దూకినవారిలో ఈ డక్కన్ హార్స్ వారున్నారు. 1921లో ఆ రెండు దళములును ఏకమైనవి. నేడది డక్కన్ హార్స్ అను పేరు విడువకయే ట్యాంకుల దళముగా నున్నది.

ఈ వృత్తాంతమంతయు చరిత్రగ్రంథములలో దొరకును. దొరకని దొక్కటి కలదు. కాంటింజెంటు అశ్వదళములలో సిలేదారీ పద్ధతి యుండెడిది. అనగా రౌతు తన గుఱ్ఱమునకు తానే బాధ్యుడై, దాని మేతయు పోషణయు తన జీతమునుండియే జరుపుకొనవలసినవాడు. అట్టి కొలువున చేర వచ్చిన పల్లెటూరి యువకుడు, తనకంటె ఏడెనిమిది రెట్లు బరువైన ఆ ప్రాణి ప్రక్కన మొదటి దినమున ఎట్లు నిలిచెను, అతని చేతులు వణకెనా, ఆ వణకు నెవరు మాన్పిరి అను సంగతి ఎవరును వ్రాసి యుంచలేదు. చరిత్రకు జీనుపై నెక్కినవాడు కావలెను గాని, నేలపై నిలిచి పగ్గము పట్టినవాడు అక్కరలేదు. కాని గుఱ్ఱమును గూర్చిన భయము పుట్టుట గాని పోవుట గాని నేలమీదనే జరుగును. జీనుపై కానవచ్చు ధైర్యములో చాల భాగము లాయమునందు, దుమ్ములో, గుఱ్ఱపు మేను రుద్దు ఖరారా చేతబట్టుకొని సంపాదించుకొన్నదే యని నా దృఢవిశ్వాసము. ఈ వ్యాసమున స్వారిని గూర్చి నేనేమియు చెప్పను. గుఱ్ఱము ప్రక్క నిలుచుటను గూర్చియే చెప్పెదను.

మన తాతల కాలమున గుఱ్ఱము వీథిలోని వస్తువు. స్టేషను వెలుపల జట్కాబండ్లు వరుసగా నిలిచియుండ, వాని ప్రక్కగా పసిపిల్లలు సైతము పోవుచు వచ్చుచు నుండెడివారు. గుఱ్ఱపు స్వభావము వారికి ఎవరును చెప్పకయే తెలిసియుండెడిది. నేటి బాలునకు గుఱ్ఱము పెండ్లి ఊరేగింపులో, మిఱుమిట్లు గొలుపు దీపముల నడుమ, బాజాల హోరులో, అర్ధగడియ కానవచ్చు వింత. నగర పోలీసు శాఖవారికి గుఱ్ఱములున్నవి; మలక్‌పేటలో పందెపు గుఱ్ఱములున్నవి; శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడెమీలో ఐ.పి.యస్. శిక్షణకు వచ్చు యువతీయువకులు గుఱ్ఱపు స్వారి నేర్చుకొనుచున్నారు. పుస్తకముల ముందు సంవత్సరముల తరబడి కూర్చుండి, కఠినమైన పరీక్షలు గెలిచి వచ్చిన ఆ బుద్ధిమంతులలో ఎందఱికో గుఱ్ఱపు మూపుమీద చేయివేయుట అచ్చటనే ప్రథమానుభవము. నగరపు శివార్లలో స్వారి నేర్పు పాఠశాలలు కూడ వెలసినవి. అల్వాల్, తిరుమలగిరులలోని తల్లిదండ్రులు సెలవు దినములలో పిల్లలను కారులో కూర్చుండబెట్టుకొని అచ్చటికి పోవుచున్నారు. పిల్లవాడు ఉత్సాహముగా దిగును. గుఱ్ఱము తల విదిల్చి ఒక్కమాఱు బుసకొట్టగానే తల్లి వెనుకకు పోయి దాగును. అప్పుడు పెద్దలు, ‘భయపడకురా, నీవు భయపడితే దానికి తెలిసిపోతుంది’ అందురు. ఈ మాటలో సగము సత్యము కలదు. ఆ సగమే మిక్కిలి చెఱుపు చేయుచున్నది.

ఏలయనగా, భయపడవద్దనుట భయమునకు మందు కాదు. భయము తెలియనిచ్చుటయే తప్పని నమ్మినవాడు దానిని లోపల నదిమిపెట్టి, దవడలు బిగించి, ఊపిరి బిగబట్టి, లేని ధైర్యమును నటించుచు గుఱ్ఱమును సమీపించును. గుఱ్ఱము ముందు నటన చెల్లదు. ఇది కవిత్వముగా చెప్పుచున్న మాట గాదు. పరీక్షలలో తేలిన విషయము.

ఇరువదియవ శతాబ్దపు ప్రారంభమున జర్మనీ రాజధాని బెర్లినునందు విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను విశ్రాంత గణితోపాధ్యాయుని కడ హాన్స్ అను గుఱ్ఱ ముండెడిది. కూడికలు, తీసివేతలు, భిన్నములు సైత మడిగినను అది ముందరి గిట్టతో నేలను తట్టుచు, సరియైన సంఖ్య రాగానే ఆగిపోవును. దేశదేశముల పత్రికలు దానిని గూర్చి వ్రాసినవి. 1904లో విద్వాంసుల సంఘమొకటి దానిని పరీక్షించి, ఇందు మోసమేదియు కానరాలేదని చెప్పినది. పిదప ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను మనస్తత్త్వ పరిశోధకుడు ఓపికతో నానావిధములుగా శోధించి చూడగా, ప్రశ్న వేయువానికే సమాధానము తెలియనప్పుడును, ఆ మనిషి గుఱ్ఱమునకు కానరానప్పుడును హాన్స్ లెక్క తప్పుచుండెను. గిట్ట చప్పుళ్లు సరియైన సంఖ్యను చేరుచుండగా ప్రశ్నించినవాని తల తనకు తెలియకయే రవంత కదలును; అంతవఱకు బిగిసియున్న ముఖము సడలును. మనుష్యులెవ్వరికిని కానరాని ఆ సూక్ష్మచలనమును గుఱ్ఱము చదువుకొనుచుండెను. 1907లో ఫుంగ్‌స్ట్ తన పరిశోధనను ప్రకటించెను. ‘గుఱ్ఱమునకు గణితము రాదు’ అని లోకము నిరుత్సాహపడినది గాని, నాకు గణితముకంటె ఆ చదువే గొప్పదిగా తోచుచున్నది. తానే ఎఱుగని తన శరీరచలనమును తన యెదుటి గుఱ్ఱ మెఱుగును!

మఱియొక పరీక్ష మన విషయమునకు ఇంకను దగ్గఱిది. 2009లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు కొందఱు మనుష్యులకును, వారు నడిపింపవలసిన గుఱ్ఱములకును గుండెకొట్టుకొను వేగము కొలుచు సాధనములు అమర్చి, ఒక చోటునుండి మఱియొక చోటికి పలుమాఱులు నడిపించిరి. కడపటి మాఱు నడచుటకు ముందు, ఈసారి గుఱ్ఱము ప్రక్కగా పోవునపుడు ఒకరు గొడుగు ఠక్కున విప్పెదరని ఆ మనుష్యులతో చెప్పిరి. నిజమునకు గొడుగును ఎవరును విప్పలేదు. ఐనను గుఱ్ఱము బెదరునేమో యను తలంపుతోనే మనుష్యుల గుండెవేగము హెచ్చినది. ఆ గొడుగు మాట వినని, విన్నను ఎఱుగని గుఱ్ఱముల గుండెవేగమును వారితోపాటు హెచ్చినది. రానున్నదని తలచిన ఆపద మనిషి మనస్సునందు మాత్రమే యున్నను, పగ్గమునకు రెండవ కొసనున్న ప్రాణికి అది చేరిపోయినది.

గుఱ్ఱ మట్లేల చేయునో తెలిసికొన్నచో దానిపై కోపమును, భయమును రెండును తగ్గును. అది పచ్చికమేసి బ్రదుకు జంతువు. లక్షల సంవత్సరములుగా తోడేళ్లకును పులులకును ఆహారమైనది. కొమ్ములు లేవు, గోళ్లు లేవు. దాని రక్షణమంతయు ముందుగా పసిగట్టుటయందును, తక్షణమే పరుగెత్తుటయందును గలదు. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టును దాదాపు 350 డిగ్రీల మేర అది చూడగలదు. తనకు సరిగా వెనుకను, నుదుటికి ముందు కొంచెము మేరయు మాత్రమే కానరావు. చెవులు రెండును ఒకదానితో నొకటి పనిలేకుండ తిరుగును. వెలుతురునుండి చీకటికి దాని కన్ను అలవాటు పడుటకు మనకంటె ఎక్కువ కాలము పట్టును. ఎండలోనుండి లాయపు గుమ్మము కడకు తెచ్చినపుడు అది ఆగి తల యెత్తుట మొండితనము కాదు, లోపల నేమున్నదో కానరాక నిలుచుట. చర్మముమీద ఈగ వాలిన చోటును మాత్రమే వణకించి తోలివేయగల సున్నితత్వము దానిది. మందలో నొక్కటి బిగిసి నిలిచెనా, తక్కినవి కారణము వెదకవు, పారిపోవుటకు సిద్ధమగును. బిగిసిన దేహముతో, ఊపిరి బిగబట్టి, కన్నార్పక తనవైపే చూచుచు వచ్చు మనిషిని అది రెండు విధములుగా మాత్రమే తలపగలదు: ఇతడు నన్ను పట్టవచ్చు మృగము, కాదేని, సమీపమున నేదో మృగమును చూచి బెదరినవాడు.

కావున, భయమును దాచుకొనవలసిన పని లేదు. భయమున్నదని ఒప్పుకొని, శరీరమును సడలించుకొనుట నేర్చుకొనవలెను. శరీరము మనస్సుకంటె మన అధీనమున ఎక్కువగా నుండును. లాయమునకు పోవుటకు ముందే ఊపిరిని లోనికి తీసికొన్న దానికంటె ఎక్కువసేపు వెలికి విడుచుట అభ్యసింపవలెను. భుజములను క్రిందికి దింపవలెను. పండ్లు బిగింపక దవడ వదలవలెను. మోకాళ్లను కొంచెము వంచి పాదములను నేలపై నిండుగా నిలుపవలెను. బిగ్గఱగా గాక మెల్లగా మాటాడవలెను. ఏమి మాటాడినను సరియే, ఇంటి సంగతులు చెప్పుకొన్నను సరియే. మాటాడువాడు ఊపిరి బిగబట్టలేడు. ఆ మాటలలోని గుణమంతయు అందే కలదు. సాయీసులు పని చేయుచున్నంతసేపును గుఱ్ఱముతో ఏదో యొకటి గొణుగుచునే యుందురు. అది గుఱ్ఱమునకెంత ఊరటయో వారికిని అంత ఊరట.

భయము నొక్కసారిగా జయింపవలెనను పంతము పనికిరాదు. 1924లో అమెరికా దేశమున మేరీ కవర్ జోన్స్ అను పరిశోధకురాలు, కుందేలును చూచి హడలిపోవు పీటర్ అను పసివాని భయమును పోగొట్టిన విధమును ప్రకటించెను. ఆ బాలుడు తనకిష్టమైన పదార్థమును తినుచుండగా బోనులోని కుందేలును మొదట దూరమున నుంచి, అతడు కలత చెందని మేరకు మాత్రమే నానాటికి దగ్గఱకు జరిపి, కడకతడు దానిని చేతితో నిమురునట్లు చేసెను. గుఱ్ఱము విషయమునను మార్గ మదియే. మొదటి దినమున దడి వెలుపల నిలిచి, మేయుచున్న గుఱ్ఱమును చూచినను చాలును. మఱునాడు దడి లోపలికి పోయి, గుండె దడ మొదలగు చోట ఆగి, దడ తగ్గువఱకు నిలిచి, తగ్గిన పిమ్మటనే, తన యిష్టముతోనే, వెనుకకు రావలెను. దడ హెచ్చుగా నున్నపుడు పారిపోయినచో భయమే గెలిచినట్లు శరీరము జ్ఞాపకముంచుకొనును. పిల్లవానిని ఎత్తి బలవంతముగా జీనుపై కూర్చుండబెట్టి, వాడేడ్చుచుండగా ఛాయాచిత్రము తీయు తండ్రులు ఈ సంగతి నెఱుగక చేయుచున్న అపకారము చిన్నది కాదు.

ఇక దగ్గఱకు పోవు విధము. తిన్నగా ముఖమునకు ఎదురుగా పోరాదు, వెనుకనుండి అసలే పోరాదు. గుఱ్ఱపు ఎడమ భుజము వైపునకు, కొంచెము ఓరగా, దానికి కానవచ్చునట్లు నడువవలెను. ఎడమ వైపున పనిచేయుట పూర్వకాలమున రౌతు నడుమునకు ఎడమ ప్రక్క ఖడ్గము వ్రేలాడుటనుబట్టి వచ్చిన అలవాటందురు. నేటికిని గుఱ్ఱములకు ఆ వైపుననే ఎక్కువ పరిచయము. నాలుగడుగుల దూరమున ఆగి, దాని చెవులు చూడవలెను. ఒక చెవి మనవైపు తిరిగినచో అది మనలను గమనించినది. రెండు చెవులును వెనుకకు మెడకంటుకొనునట్లు వాలి, ముక్కుపుటములు బిగిసినచో, ‘దగ్గఱకు రాకుము’ అని స్పష్టముగా చెప్పినట్లే. ఆ మాటను మన్నించి ఆగుట పిఱికితనము కాదు. తల దించి, కనుఱెప్పలు సగము వాల్చి, పెదవి సడలించి, వెనుకకాలొకటి వదులుగా మడిచి నిలిచినది విశ్రాంతిలో నున్నది. అప్పుడు చేయి చాచి, ముక్కుమీద గాక, భుజముమీద వేయవలెను. తట్టుట కాదు, నిమురుట. కొత్తవారందఱును గుఱ్ఱమును చప్పుడగునట్లు తట్టుదురు. గుఱ్ఱములు ఒకదాని నొకటి తట్టుకొనవు. మెడ జూలు ముగియు మూపు కడ పండ్లతో మెల్లగా గోకుకొనును. ఫ్రాన్సు దేశపు కమార్గ్ జాతి గుఱ్ఱములపై చేసి 1993లో ప్రకటించిన పరీక్షలో, ఆ చోట గోకినపుడు గుఱ్ఱపు గుండెవేగము తగ్గుట కనుగొన్నారు. సాయీసుల వ్రేళ్లకు ఆ చోటు పుస్తకములతో పని లేకుండగనే తెలియును.

భయము తీర్చుటకు నేనెఱిగిన సాధనములలో ఖరారాను మించినది లేదు. చేతికి పని దొరకినపుడు మనస్సునకు ఊహలు కల్పించు తీరిక తగ్గును. మెడ పైభాగమున మొదలుపెట్టి, దుమ్ము లేచునట్లు గుండ్రముగా రుద్దుచు, భుజము, వీపు, ప్రక్క, తొడ వఱకు పోవుట; పిదప బ్రష్షుతో వెండ్రుక వాలిన దిక్కుననే దులుపుట; ఎముక పైకి తేలియున్న చోట చేయి తేలిక చేయుట; పొట్ట క్రింద చక్కిలిగింత గల గుఱ్ఱమైనచో అది తోకతో విసరుట చూచి ఒత్తిడి మార్చుట: ఈ పనిలో గంట గడచునప్పటికి కొత్తవాడు, తనకు తెలియకయే, ఆ మహాకాయమున ప్రతి భాగమును చేతితో తాకియుండును. అంతవఱకు ఒక్క రాశిగా తోచిన భయంకరమైన దేహము ఇప్పుడు తెలిసిన చోట్లుగా విడిపోవును. ఇక్కడ వెచ్చన, ఇక్కడ మెత్తన, ఇక్కడ పాతగాయపు మచ్చ. తెలిసినదానిని గూర్చి భయపడుట కష్టము.

మన భారతమునందు దీనికి సాటిలేని దృష్టాంతమొకటి కలదు. సైంధవవధకు ప్రతిన పూనిన మఱునాడు, సూర్యుడస్తమించులోగా పని ముగియనిచో అగ్నిప్రవేశమే గతియైయున్న సమయమున, అర్జునుని రథాశ్వములు బాణములు నాటి, దప్పిగొని అలసిపోయినవి. అప్పుడు అర్జునుడు రథము దిగి శత్రువులను నిలువరించుచు, బాణములతో నేలను భేదించి జలాశయమును, బాణములతోనే గృహమును నిర్మించెను. శ్రీకృష్ణుడు, శత్రుసేనల నడుమ, గుఱ్ఱములను విప్పి, వాని ఒడలినుండి బాణములు తన చేతులతో పెఱికి, మేను నిమిరి, నీరు త్రావించి, నేలపై పొరలనిచ్చి, అలసట తీరిన పిదప మరల రథమునకు కట్టెను. జగన్నాథుడని కొలుచు దేవుని చేత మన పూర్వులు చేయించిన పని సాయీసు పని! పాండవులలో నకులుడు విరాటుని కొలువున గుఱ్ఱముల పెంపకమునకు తలవంపు లేక పూనుకొన్నాడు. తెలుగున మనుమంచిభట్టు అశ్వశాస్త్రమును పద్యములలో రచించెను. గుఱ్ఱము దగ్గఱ నేలపై చేయు సేవను నీచమైన చాకిరిగా తలచుట మన ప్రాచీనుల మర్యాద కాదు. అది తరువాత వచ్చిన దురభ్యాసము.

గిట్టలెత్తుట కొత్తవారికి అగ్నిపరీక్షగా తోచును. క్రమము తెలిసినచో అది అంత కష్టము కాదు. గుఱ్ఱపు తోకవైపు ముఖము చేసి భుజము ప్రక్కన నిలిచి, చేతిని భుజమునుండి మోకాలి మీదుగా క్రిందికి ఎడతెగక జార్చుచు పోవలెను. చేయి హఠాత్తుగా కాలిపై పడరాదు. చీలమండ కడకు చేరగానే కొంచెము నొక్కి, నోట ఒక పిలుపు పిలిచినచో అలవాటైన గుఱ్ఱము బరువును తక్కిన మూడు కాళ్లపైకి మార్చుకొని కాలెత్తి యిచ్చును. ఎత్తిన గిట్టను ఒక చేత పట్టి, లాడమునకును గిట్ట నడుమనున్న త్రికోణపు మెత్తని భాగమునకును మధ్య చిక్కిన మట్టిని, గులకరాళ్లను మడమనుండి వ్రేలివైపుగా కొక్కెముతో తీయవలెను. మెత్తని చోటును గుచ్చరాదు. పని ముగిసిన పిదప కాలును వదలివేయక, నేలకు దించి విడువవలెను. పరుగే ప్రాణాధారమైన జంతువు తన కాలిని మనచేతి కిచ్చుట యనగా తన బ్రదుకునే మనచేతి కిచ్చుట. ఆ సంగతి గ్రహించిన కొత్తవాడు తన భయమునే తలచుకొనుచుండక, ఎదుటి ప్రాణి భయమును గూర్చి ఆలోచించుట మొదలిడును. నేను చూచినంతలో వణకు తగ్గునది అచ్చటనే.

కాని, భయమంతయు పోవలసినది కాదు. నాలుగైదు వందల కిలోల బరువుగల జంతువు మంచిదైనను, బెదరినప్పుడు కాలు త్రొక్కును, గోడకు ఒరయును, తన్నును. బుద్ధిపూర్వకమైన ఆ భయమును అలవాట్లుగా మార్చుకొనవలెను. అట్లు మార్చినచో అది గుండెలో నుండక చేతులలోను పాదములలోను నుండును. వ్రేళ్లు మూయు గట్టి జోళ్లు లేక లాయమున అడుగిడరాదు. చెప్పులతో వచ్చిన శిష్యుని త్రిప్పి పంపు గురువే మంచి గురువు. పగ్గమును చేతికి చుట్టుకొనుటకంటె ఘోరమైన పొరబాటు లేదు. గుఱ్ఱము పరుగెత్తినచో చుట్టిన పగ్గము వ్రేళ్లను నలుపును, మనిషిని ఈడ్చుకొనిపోవును. పగ్గపు మిగులు భాగమును మడతలుగా పేర్చి, ఆ మడతలను నడుమ పట్టుకొనవలెను. కాళ్ల కడ పనియున్నపుడు వంగవలెను గాని మోకరిల్లరాదు, కూర్చుండరాదు. మెడ క్రిందుగా దూరి ఆవలికి పోరాదు. గుఱ్ఱమునకు వెనుకను అధికారికి ముందును నిలువరాదను హిందూస్థానీ సామెత సిపాయిల నోట నేటికిని వినవచ్చును. తప్పక వెనుకగా పోవలసినచో, తన్ను అందని దూరమునుండి పోవలెను. లేనిచో పిఱుదుపై చేయి ఆనించి, దేహమునకు మిక్కిలి దగ్గఱగా, మాటాడుచు పోవలెను. భయపడినవాడు సహజముగా ఎన్నుకొను నడిమి దూరమే మిక్కిలి అపాయకరము. దగ్గఱ తన్నునకు వేగము రాదు, నడిమి దూరమున దాని బలమంతయు తగులును.

నడిపించునపుడు కొత్తవారు గుఱ్ఱపు ముఖమును చూచుచు, పగ్గమును గవద క్రింద బిగించి పట్టుకొని వెనుకకు నడుతురు. బిగించినకొలది గుఱ్ఱమునకు చిక్కుపడితినను తలంపు కలిగి తల ఎగురవేయును. ఆ ఎగురవేతను చూచి మనిషి మఱింత బిగించును. దాని భుజమునకు సరిగా నిలిచి, పోవలసిన చోటును చూచుచు, పగ్గమున కొంచెము వదులుంచి నడచినచో అది వెంట నడచును. ఆపవలసినపుడు ముందు తన నడక ఆపి, ఊపిరి విడిచి, పిదప పగ్గమును కొంచెము లాగి, గుఱ్ఱము ఆగిన మఱుక్షణమే వదలవలెను. గుఱ్ఱము నేర్చుకొనునది లాగుటవలన గాదు, సరియైన క్షణమున వదలుటవలన. క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు సేనాని జెనొఫోన్ అశ్వవిద్యను గూర్చి వ్రాయుచు, గుఱ్ఱముతో కోపమున వ్యవహరింపరాదనియు, అది బెదరిన వస్తువును మృదువుగా చూపి అలవాటు చేయవలెను గాని కొట్టరాదనియు బోధించెను. కొట్టినచో ఆ వస్తువుతోపాటు నొప్పియు జ్ఞాపకముండి భయము రెట్టింపగునని ఆయన యెఱుగును.

ఏ గుఱ్ఱముతో మొదలుపెట్టవలెననుట కూడ చిన్న విషయము కాదు. పందెములనుండి విరమించిన జాతిగుఱ్ఱము చూచుటకు అందముగా నుండును. తక్కువ వెలకు దొరకుటయు కలదు. కాని సంవత్సరముల తరబడి పరుగునకే పెంచబడిన ఆ ప్రాణి కొత్తవాని చేతికి తగినది కాదు. వయస్సు మీఱి, పలువురి చేతులలో మెలగి, వర్షపు చప్పుడునకును మోటారు కూతకును తల తిప్పని ముసలి గుఱ్ఱమే తొలి గురువు. రెండవ గురువు సాయీసు. మన స్వారి పాఠశాలలలో శిష్యుడు వచ్చునప్పటికి సాయీసు గుఱ్ఱమును రుద్ది, జీను కట్టి సిద్ధముగా నిలిపియుంచును. శిష్యుడు ఎక్కి, దిగి, పగ్గమతని చేతికిచ్చి ఇంటికి పోవును. ఈ పద్ధతి మాఱవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. మొదటి నెలయంతయు శిష్యుని సాయీసుకు అప్పగించి, దాణా కలుపుట, లాయము ఊడ్చుట, ఖరారా చేయుట, పగ్గము పట్టి నడిపించుట మాత్రమే నేర్పి, ఆ నెల రుసుములో ఒక భాగమును సాయీసుకే గురుదక్షిణగా ఇప్పించినచో, పిల్లల భయము తీరును. తరతరముల విద్యను చేతులలో నుంచుకొని అల్పజీతములతో బ్రదుకు ఆ మనుష్యులకు న్యాయమును జరుగును.

ఒకమాఱు తన్ను తిన్నవారి సంగతి వేఱు. వారి భయము ఊహ కాదు, జ్ఞాపకము. దానిని తర్కముతో మాన్పలేము. వారు మరల దడి వెలుపలనుండియే మొదలుపెట్టవలెను. మొదటిసారికంటె ఎక్కువ కాలము పట్టునని ముందే ఒప్పుకొనవలెను. ప్రక్కనే నమ్మకమైనవారొకరు పగ్గము పట్టియుండగా మూపుమీద చేయివేయుటతో సరిపెట్టుకొని, ఆ దినమున కది చాలునని ఇంటికి పోవలెను. ఎవరైనను ‘ఇంతేనా?’ అని నవ్వినచో ఆ నవ్వినవానిని లాయము వెలుపల నిలుపవలసిన బాధ్యత నేర్పువానిది.